లెక్క తేలేదాకా

స్టెల్లా పెళ్లి నాటికి సముద్రాన్ని ఒకే ఒక్కసారి చూసింది. హనుమంతునిపాడు దగ్గరున్న వాళ్ల ఊరి నుంచి చర్చి సంఘం వాళ్లు బస్సు మాట్లాడి కొత్తపట్నం తీసుకెళ్లారు. తోటి పిల్లలు అలల్లోకి దూకుతుంటే ఆమె ఇసుకలో నిలబడి, "ఇన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగేదానికి పనికిరావంట, ఏం లాభం?" అని తల్లితో అన్నది. కంది చేలల్లో కలుపు తీసి, ట్యాంకరు వచ్చిన రోజున బిందెలు పట్టుకుని పరిగెత్తి పెరిగిన పిల్ల మరి.

పదో తరగతి అయ్యాక మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో కూలికి చేరింది. బడి పలకలకు అప్పటికే గిరాకీ పడిపోయింది. గోడలకు అతికించే రాతి బిళ్లలు కోసి, అంచులు రుద్ది, చెక్కపెట్టెల్లో సర్ది లారీలకు ఎక్కించేవాళ్లు. ఆమె పక్కన కూర్చుని పనిచేసే దీనమ్మకు ఈ పిల్ల నోరూ నచ్చింది, చెయ్యీ నచ్చింది. తన కొడుక్కి అడిగింది. కొడుకు పేరు జీవానందం. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని తండ్రి చనిపోయాక, ఆ దుమ్ములో అడుగుపెట్టనని ఒట్టు పెట్టుకుని ఐటీఐ చదివాడు. చెన్నైలో శిక్షణ తీసుకుని చమురు మోసే ఓడల్లో చేరాడు. పంపులు నడపడం, ట్యాంకుల్లో సరుకు ఎంతుందో కొలవడం అతని పని. కొన్ని నెలలు నీళ్ల మీద, కొన్ని నెలలు ఇంట్లో. అలాగే కాపురం సాగింది. కూతురు ఇందు పుట్టింది, ఆరో తరగతికి వచ్చింది.

ఆ ఏడాది మార్చిలో, ఫ్యాక్టరీలో అన్నాలు తినే వేళకు జీవానందం వీడియో కాల్ చేశాడు. ముఖం కడుక్కున్నట్టు లేదు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"స్టెల్లా, నాకేం కాలేదు. ముందు ఆ మాట ఇను. ఓడకు దెబ్బ తగిలింది."

"మునిగిందా?"

"లేదులే. గాలివానకు ఇంకో ఓడ కొట్టుకొచ్చి పక్కన గుద్దింది. ఒక ట్యాంకు చీలింది. చమురు సముద్రంలోకి పోయింది."

"ఎంత పోయింది?"

జీవానందం తల గోక్కుని, "అదే ఎవరికీ తెల్దు," అన్నాడు.

స్టెల్లా ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. మనిషి బతికున్నాడు, మాట్లాడుతున్నాడు. అత్తకు ఫోను ఇచ్చి, కొడుకు గొంతు వినిపించి, మళ్లీ రాళ్ల ముందు కూర్చుంది.

ఆ ఓడ ఆఫ్రికా పడమటి ఒడ్డున ఒక చిన్న దేశం దగ్గర, తీరానికి చాలా దూరంగా లంగరేసి ఉండగా ఇది జరిగింది. తెల్లారేసరికి నీళ్ల మీద నల్లటి తెట్టె కట్టింది. గాలికి అది ఒడ్డుకు చేరి, చేపలు పట్టేవాళ్ల ఊళ్లను ముంచింది. ఓడను రేవుకు లాక్కొచ్చి కట్టేశారు. కొద్ది వారాలకు సిబ్బందిలో చాలామందిని ఇళ్లకు పంపారు. ఆరుగురిని మాత్రం సాక్షులని చెప్పి ఆపేశారు, పాస్‌పోర్టులు తీసుకున్నారు. ఆ ఆరుగురిలో జీవానందం ఉన్నాడు. చీలిన ట్యాంకును ఆ రోజు కొలిచింది అతనే.

ఓడ కంపెనీ మూడు వందల టన్నులు పోయిందని చెప్పింది. ఆ దేశపు ప్రభుత్వం రెండు వేలకు తగ్గదని కేసు వేసింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి ఒక యూనివర్సిటీ వాళ్లు మూడో అంకె చెప్పారు. వలలు పాడైన జనం ఈ మూడూ అబద్ధమే, ఇంకా ఎక్కువ పోయిందన్నారు. టన్నును బట్టి జరిమానా, టన్నును బట్టి పరిహారం. అందుకని ఎవరి అంకె వాళ్లు వదలలేదు. లెక్క తేలేదాకా ఓడ కదలకూడదు, సాక్షులు కదలకూడదు అని అక్కడి కోర్టు చెప్పింది.

"అది తేలేది ఎప్పుడు?" అని స్టెల్లా అడిగితే, "ఇట్లాంటియి పదేళ్లు కూడా నడుస్తాయంట," అన్నాడు జీవానందం.

బస్టాండు దగ్గర అస్మా అనే ఆవిడ జిరాక్సు, నెట్ సెంటరు నడుపుతుంది. భర్త షబ్బీర్ ఆటో తోలతాడు. అస్మా డిగ్రీ చదివింది, ఇంగ్లీషు రాయగలదు. స్టెల్లా ఆమె దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పింది. ఢిల్లీకి, ఆ దేశంలో ఉన్న మన ఎంబసీకి, ఓడ కంపెనీకి అస్మా మెయిళ్లు పెట్టింది. ఒంగోలు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు కూడా ఇద్దరూ కలిసి వెళ్లారు. అర్జీ చదివిన ఉద్యోగి తలెత్తి, "మార్కాపురం నుంచి సముద్రం కేసా!" అని ఆశ్చర్యపోయాడు. పాపం, అతను శ్రద్ధగానే పైకి పంపాడు. జవాబులు వచ్చాయి. అన్నింటిలోనూ విషయం పరిశీలనలో ఉందన్న మాటే ఉంది.

వానాకాలం అయిపోవస్తుండగా ఒకరోజు కరుణాకరం వచ్చాడు. జీవానందాన్ని ఓడలో పెట్టిన ఏజెన్సీ మనిషి. ఆఫీసు విశాఖపట్నంలో. స్వీట్ల డబ్బా మంచం మీద పెట్టి, దీనమ్మకు దండం పెట్టి కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, మంచి కబురే తెచ్చాను. మీ ఆయన ఒక్క సంతకం పెడితే నెల తిరక్కుండా ఇంట్లో ఉంటాడు. కంపెనీ లాయర్లు పూచీ."

"ఏం సంతకం అన్నా?"

"తను ట్యాంకు కొలిచినప్పుడు పోయింది మూడు వందల టన్నులే అని. మిగతావాళ్లలో ఇద్దరు పెట్టేశారు. ఇతనే మొండికేస్తున్నాడు. నువ్వు చెప్తే వింటాడు."

దీనమ్మ ముఖం వెలిగిపోయింది. "సంతకమే గదా, పెట్టమను మే," అని కోడలి మోచెయ్యి పట్టుకుంది. స్టెల్లాకూ అదే అనిపించింది. కరుణాకరం వెళ్లగానే ఫోను చేసింది.

"ఎవురి చమురు ఎంత పోతే మనకేంది? పెట్టి రా. నీ కూతురు రోజూ అడగతాంది."

జీవానందం ఓడ మీద తమ బతుకు గురించి చెప్పాడు. ఇన్నాళ్లూ అతను దాచిన సంగతులు. కంపెనీ పంపే సరుకులు సగం రోజులు రావు. జనరేటరు అప్పుడప్పుడే వేస్తారు. రేవు పక్కన చేపలు పట్టేవాళ్ల ఊరుంది, అక్కడ చిన్న చర్చి ఉంది. ఆదివారం ఆరాధనకు పోతే ఆ సంఘం ఆడవాళ్లు పలకరించారు. అప్పటినుంచి వారంలో కొన్ని రోజులు మన సంగటి లాంటి ముద్ద, చేపల పులుసు గేటు దగ్గరికి తెచ్చిస్తున్నారు. వాళ్ల పడవలే చమురు తగిలి ఒడ్డున పడున్నాయి.

"వాళ్ల తిండి తింటా వాళ్ల మీద ఎట్ల పెట్టాల సంతకం? ఇంకోటి కూడా ఉంది స్టెల్లా. మూడొందలని నేను కొలవనే లేదు. ఆ పొద్దు ఓడ ఒరిగి ఉంది. అలకు ఊగతాంది. టేపు దించితే ఒకసారి ఇక్కడిదాకా తడి, ఇంకోసారి అక్కడిదాకా. చీలిక లోంచి చమురు పోయింది, నీళ్లు లోపలికొచ్చినాయి. పైన చమురు, కింద నీళ్లు. ఏది ఎంతుందో చూపించే మిషను కుదురుగా చూపీలేదు. ఓడ పడిపోకుండా ఆ ట్యాంకులోది వేరే ట్యాంకుల్లోకి తోడినాం. అంతా కలిసిపోయింది. నాకు తెల్దు. తెల్దు అనేదే నిజం."

"అట్లయితే నువ్వు నిజం పట్టుకోని ఆడనే ఉండు," అని స్టెల్లా ఫోను పెట్టేసింది. ఆ వారమంతా అతనితో మాట్లాడలేదు. అతను ఫోను చేస్తే ఇందు చేతికిచ్చి పక్కకు పోయేది.

ఆ కోపంలో ఉండగానే వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. కొద్ది ఇళ్లు దాటేసరికి పైపు బుసబుసమని ఆగిపోయింది. ఆడవాళ్లు డ్రైవరు మీద పడ్డారు. నిండుగా నింపుకొచ్చానని అతను, సగమే తెచ్చావని వీళ్లు. కారే మూత చూపించి ఒకామె, గతుకుల రోడ్డు చూపించి ఇంకొకామె. పోయిన నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. ఎవరెంత అరిచినా వాటిని మళ్లీ బిందెలో పోసి చూపించే దారి లేదు. స్టెల్లా కూడా గొంతు చించుకుని అరిచింది. డ్రైవరు విసిగిపోయి ఆమె వైపే తిరిగాడు.

"అక్కా, నువ్వే చెప్పు. నా ట్యాంకర్లో ఎన్ని నీళ్లు పోయినాయో నువ్వు చూసినావా? ఒట్టేసి చెప్పు, ఒప్పుకుంటా."

ఆమె ఒట్టు వేయలేదు. ఖాళీ బిందెతో ఇంటికొచ్చి గడపలో కూర్చుంది. ఆ మాట తన భర్తను ఎవరో అడిగినట్టే అనిపించింది. చూడనిదాన్ని చూశానని ఒట్టు వేయమంటే తనే వేయలేకపోయింది. అతన్ని ఎలా వేయమంటుంది?

ఆ సాయంత్రం తనే ఫోను చేసింది. అక్కడ సంగతి ఇంకా ముదిరింది. ప్రభుత్వం తరఫు లాయరు కూడా వచ్చి వెళ్లాడట. ట్యాంకు నిండా ఉండేది, అంతా పోయింది అని చెప్తే త్వరగా వదిలిపెట్టిస్తానన్నాడట. జీవానందం దానికీ ఒప్పుకోలేదు. ఆ కబురు ఊళ్లోకి పాకి, చేపల పులుసు తెచ్చే ఆడవాళ్లు రావడం మానేశారు.

"అందరికీ చెడ్డోన్ని అయినా," అన్నాడు.

"నాకు కాలేదు," అంది స్టెల్లా. "ఇను. తెల్దంటే తెల్దనే చెప్పు, ఆ మాట మార్చమాక. కానీ ఒకటి నాకు అర్థం కాలేదు. నువ్వు చెప్పేది ఆ నాలుగు మాటలే గదా. అది చెప్పేదానికి పదేళ్లు ఎందుకు ఉండాల? రేపే చెప్పించుకోని, రాసుకోని పంపీమను. లెక్క వాళ్లు నిమ్మళంగా తేల్చుకోనీ."

స్టెల్లా ఆ మాటనే పట్టుకుంది. మర్నాడు అస్మా దగ్గరికెళ్లి, ఇకమీదట మా ఆయన్ని వదలండి అని రాయొద్దు, ముందు మా ఆయన సాక్ష్యం తీసుకోండి అని రాయి అంది. అస్మా కళ్లజోడు పైకి తోసి చూసింది.

"అరె, ఇది బాగుంది స్టెల్లా. ఇంతవరకు మనం ఏడ్చినాం. ఇప్పుడు అడగతాండాం."

ఆగిపోయిన మిగతావాళ్ల ఇళ్ల నంబర్లు జీవానందం పంపాడు. కేరళలో ఒకరు, బీహారులో ఇద్దరు, గుజరాత్‌లో ఒకరు, కాకినాడలో ఒకరు. అస్మా ఇంట్లో మాట్లాడే ఉర్దూతోనే బీహారు ఆడవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడింది. సంతకాలు పెట్టినవాళ్లు కూడా ఇళ్లకు రాలేదని అప్పుడే తెలిసింది. అవతలి లాయరు వాళ్ల కాగితాల మీద అభ్యంతరం పెట్టి, మళ్లీ విచారించాలని ఆపించాడట. ఆ సంగతి వినగానే దీనమ్మ, కొడుకొస్తే విప్పుదామని పైన దాచిన స్వీట్ల డబ్బా తీసి, పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

ముంబైలో నావికుల సంఘం ఒకటుందని గుజరాత్ ఆవిడ చెప్పింది. అస్మా వాళ్లకు ఫోను కలిపింది. అక్కడి వకీలు విని, మీరడిగేది న్యాయంగానే ఉందన్నాడు. కేసు ఎంతకాలం నడిచినా, జడ్జి ముందు సాక్ష్యం ముందుగా రికార్డు చేసి మనుషుల్ని పంపేయడానికి వీలుందట. అయితే రెండు పక్షాలూ ఒప్పుకుంటే పని తేలిక. ఆలస్యమైతే అవతలివాడు దిగొస్తాడని ఎవరికి వారు ఆశ పడుతున్నారు గనక ఎవరూ అడగడం లేదు.

"కంపెనీని ఒప్పించే పని మాది," అంది స్టెల్లా. ఆ మాట వకీలుకు అస్మా తర్జుమా చేసి చెప్పింది.

ఇందును అస్మా ఇంట్లో వదిలి, అత్తాకోడళ్లు మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కారు. విశాఖలో కరుణాకరం ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. వీళ్లను చూసి అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఫోను చేస్తే సరిపోయేది కదా."

"ఫోనులో నువ్వు యాడుండావో తెల్దు గదన్నా. అందుకే వచ్చినాం."

ఆమె తను అడగాల్సింది అడిగింది. జడ్జి ముందు సాక్ష్యం వెంటనే తీసుకోవడానికి కంపెనీకి అభ్యంతరం లేదని కోర్టుకు చెప్పాలి. కరుణాకరం నుదురు రుద్దుకున్నాడు.

"అది నా చేతుల్లో లేదమ్మా. మీ ఆయన తెలీదు తెలీదు అంటే కంపెనీకి నష్టం కదా. వాళ్లు ఒప్పుకోరు."

"ఒప్పుకోరా? సరే అన్నా. ఒప్పుకోము అని కాయితం మీద రాసియ్యి. ఆరు ఇళ్లోళ్లం దాన్ని ఢిల్లీకి పంపుకుంటాం."

"అలా ఎవరూ రాసివ్వరు."

"అట్లయితే ఒప్పుకున్నామని రాసియ్యి. ఏదో ఒకటి రాయాల గదా. మేం కూచుంటాం."

కూర్చున్నారు. మధ్యాహ్నం దీనమ్మ మూట విప్పి జొన్నరొట్టె, పప్పుల పొడి బయట పెట్టింది. ఆఫీసులో పనిచేసే అమ్మాయికి కూడా ఒక రొట్టె ఇచ్చింది. ఓడ ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్లు వీళ్లెవరని అడిగితే, స్టెల్లా గొంతు తగ్గించకుండా మొత్తం కథ చెప్పింది. ఒకరిద్దరు ఫారాలు టేబులు మీద పెట్టేసి వెళ్లిపోయారు. అది చూసి కరుణాకరం ముఖం పాలిపోయింది.

సాయంత్రం ఆఫీసు మూసేవేళకు తమ సంఘం వాళ్లు మాట్లాడిపెట్టిన చర్చి గదికి పోయి పడుకున్నారు. మర్నాడు తలుపు తీసేసరికి మళ్లీ మెట్ల మీద ఉన్నారు. ఆ తర్వాతి రోజు కూడా.

ఆ రోజు కరుణాకరం లోపలి గదిలో చాలాసేపు ఇంగ్లీషులో ఎవరితోనో వాదించాడు. బయటికొచ్చి వాళ్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకూ ఇద్దరు అన్నదమ్ములు ఓడల మీదున్నారమ్మా," అన్నాడు. "ఏ పక్షానికీ చెందని మూడో పార్టీ కొలతగాడు వచ్చి మళ్లీ లెక్క వేసేదాకా కేసు ఎలాగూ కదలదని చెప్పాను. ఈ ఆరుగురికి తిండి పెట్టడమే కంపెనీకి దండగ అని చెప్పాను. అభ్యంతరం లేదని మెయిలు పెడతామన్నారు. అది చేతికొచ్చేదాకా మీరు లేవరని కూడా చెప్పాను."

దీనమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి, "నీ బిడ్డలు సల్లగుండాల నాయనా," అంది. స్టెల్లా మాత్రం మెయిలు అస్మాకు చేరి, అస్మా చదివి సరేనని ఫోను చేసేదాకా లేవలేదు.

అవతలి పక్షం పని జీవానందం చేశాడు. ఆ ఊరి చర్చికి ఆదివారం మళ్లీ వెళ్లాడు. తిండి తేవడం మానేసిన ఆడవాళ్ల ముందు నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో తను ఏం చూశాడో, ఏం చూడలేదో చెప్పాడు. మీ ఒడ్డు నల్లబడింది నిజం, దాన్ని జడ్జి ముందు చెప్తాను. టన్నులు మాత్రం నేను చెప్పలేను అన్నాడు. ఒక ముసలామె లేచి బయటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. వాళ్ల పాస్టరు ప్రభుత్వ లాయరుతో మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు కూడా. ఆ పైన ముంబై వకీలు అక్కడి కోర్టులో దరఖాస్తు వేయించాడు. అది రెండుసార్లు వాయిదా పడింది. స్టెల్లా ప్రతిసారీ ఆరు ఇళ్లవాళ్ల చేత మళ్లీ మెయిళ్లు పెట్టించింది.

చివరకు జడ్జి ముందు జీవానందం నిలబడిన రోజున కంపెనీ లాయరు అడిగాడు, మూడు వందల టన్నులకు మించి పోయిందని నువ్వు చెప్పగలవా అని. చెప్పలేనన్నాడు. ప్రభుత్వ లాయరు లేచి, మూడు వందలే పోయిందని చెప్పగలవా అని అడిగాడు. అదీ చెప్పలేనన్నాడు. జడ్జి ఆడమనిషి. ఆమె పెన్ను కింద పెట్టి, మరి నువ్వు చెప్పగలిగింది ఏమిటి అని అడిగింది. ఆ రోజు ఓడ ఎలా ఒరిగిందో, టేపు ఎలా ఊగిందో, చమురూ నీళ్లూ ఎలా కలిశాయో, తెల్లారాక నీళ్ల మీద తెట్టె ఎంతదూరం కనపడిందో అన్నీ చెప్పాడు. రెండు పక్షాల లాయర్లూ ముఖాలు మాడ్చుకున్నారు. జడ్జి మాత్రం ఒక్క మాట పోకుండా రాయించుకుందట. కొద్ది రోజులకు ఆరుగురి పాస్‌పోర్టులూ తిరిగొచ్చాయి.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో అతను దిగినప్పుడు చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఇందు పరిగెత్తి నడుం చుట్టేసింది. దీనమ్మ కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. స్టెల్లా ఏడవలేదు. అతని సంచి తీసుకుని, "పా, షబ్బీరన్న ఆటో పెట్టినాడు బయట," అంది. ఆటో ఎక్కి, అది కదిలాక, అతని చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ కేసు ఇంకా నడుస్తోంది. మూడో పార్టీ కొలతగాడు వచ్చి రెండు అంకెల మధ్య ఇంకో అంకె చెప్పాడు. దాన్ని ఇద్దరూ ఒప్పుకోలేదు. వలలు కోల్పోయినవాళ్లకు ముందుగా కొంత పరిహారం ఇవ్వమని జడ్జి చెప్పిందట, కొందరికి అందిందట. పాస్టరు అప్పుడప్పుడు జీవానందానికి మెసేజ్ పెడతాడు. ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. అతను బోరు మోటార్లు బాగుచేసే పనిలో చేరాడు. మళ్లీ సముద్రం మీదికి పోవాలని ఉందో లేదో ఇంకా తేల్చుకోలేదు. స్టెల్లా అడగలేదు.

ఆమె ఫ్యాక్టరీకి పోతూనే ఉంది. ఈమధ్య ఒకరోజు అన్నాల వేళ తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గిద్దలూరు నుంచి ఎవరో అమ్మాయి. తమ్ముడి ఓడను ఎక్కడో పట్టుకున్నారట. కాకినాడవాళ్లు ఈ నంబరు ఇచ్చారట. చెప్పలేక వెక్కి వెక్కి ఏడుస్తోంది. స్టెల్లా అన్నం గిన్నె పక్కకు జరిపి, చేతికంటిన దుమ్ము చీరకు తుడుచుకుంది.

"ఏడుద్దువులే తల్లీ, ఎవురూ వద్దనరు. ముందు నీ పేరేందో చెప్పు. మీ తమ్మునిది ఓడలో ఏం పని?"